చూసినట్టే ఉంది

(చెన్నైలో ఒక తెలుగు సంఘం శనివారం సాయంత్రపు కూడికలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. వక్త కోర్టు దుబాసీగా పనిచేసి రిటైరయ్యారు.)

అందరికీ వందనాలు.

సత్యం గురించి మాట్లాడమని పాస్టరుగారు ఫోను చేసినప్పుడు నేను ముందే చెప్పాను. అయ్యా, నేను వేదాంత కళాశాల గడప తొక్కినవాణ్ని కాను, హెబ్రీ అక్షరాలు పక్కన పుస్తకం పెట్టుకుని కూడబలుక్కుంటాను, గ్రీకు అంతకంటే అధ్వానం అని. ఆయన "అందుకే మిమ్మల్ని పిలుస్తున్నాం" అన్నారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు ఇంకా తేలలేదు. (నవ్వులు)

నా పని మీలో కొందరికి తెలుసు. తెలుగు మాత్రమే వచ్చిన సాక్షి బోనెక్కినప్పుడు అతని మాటను జడ్జిగారికి తమిళంలో చెప్పడం, ప్లీడర్ల ప్రశ్నలను అతనికి తెలుగులో చెప్పడం. దుబాసీ అన్నది ఈ ఊరికి పాత మాట. కుంపినీ కాలంలో ఇక్కడి దుబాసీలు లక్షలు గడించారు. నాకు వలసరవాక్కంలో రెండు గదుల ఇల్లు మిగిలింది. (నవ్వులు) పని మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఒకరి నోటి మాటను ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా ఇంకొకరి చెవిలో వేయడం. ముప్పై ఏళ్లు సాక్షుల పక్కన నిలబడ్డాను. అందుకే సత్యం అనగానే నాకు గుర్తొచ్చేవి తత్త్వశాస్త్ర గ్రంథాలు కావు, బోను చెక్కను పట్టుకున్న చెమట వేళ్లు.

ఇవాళ ఇక్కడికి ఎలక్ట్రిక్ రైల్లో వస్తూ పరంగిమలై స్టేషను దాటాను. పరంగి అంటే మన ఫిరంగి, పరదేశీయులు. ఆ కొండకు ఇంకో పేరు సెయింట్ థామస్ మౌంట్. అపొస్తలుడైన తోమా కొండ. ఆయన పేరు చెప్పగానే మనం "అనుమానపు తోమా" అని చప్పరించేస్తాం. కానీ ఈ రోజు మన వాక్యం ఆయన చలవే. యోహాను 14వ అధ్యాయం చూడండి. నేను వెళ్లే చోటికి మార్గం మీకు తెలుసు అని ప్రభువు అంటారు. మిగతావాళ్లు తలలూపారో లేదో రాయలేదు గానీ, ఊపే ఉంటారని నా అనుమానం. తోమా ఊపలేదు. "ప్రభువా, యెక్కడికి వెళ్లుచున్నావో మాకు తెలియదే, ఆ మార్గమేలాగు తెలియును" అన్నాడు. దానికి జవాబుగా వచ్చిందే మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, ఆటోల వెనక అద్దాల మీద కనిపించే వచనం: "నేనే మార్గమును, సత్యమును, జీవమును." ఒక శిష్యుడు తెలియనిది తెలియదని ఒప్పుకోవడం వల్ల ఆ మాట మన చేతికి అందింది.

ఇప్పుడు ఆ వచనంలో నాకున్న ఇబ్బంది చెబుతాను. "నేను సత్యము చెప్పుచున్నాను" అంటే అర్థమవుతుంది. ప్రతి సాక్షీ అలాగే అంటాడు. "నేనే సత్యమును" అని ఎవరైనా బోనులో నిలబడి అంటే, జడ్జిగారు నా వైపు చూసి "సరిగ్గానే చెప్పావా?" అని అడుగుతారు. (నవ్వులు) మాట నిజమో అబద్ధమో అవుతుంది. మనిషి ఎలా సత్యమవుతాడు? ఈ చిక్కు విప్పాలంటే ఆ మాట ఏ ఇంట్లో పుట్టిందో అక్కడికి వెళ్లాలి.

ముందు మన ఇంటినుంచే మొదలుపెడదాం. మనకు మూడు మాటలున్నాయి, మూడింటినీ కలిపేసి వాడుతుంటాం. వాస్తవం, అంటే వస్తువు ఎలా ఉందో అలా. నిజం, ఇది సంస్కృతంలో "తనది, స్వంతమైనది" అని అర్థమిచ్చే మాట. తెలుగుకు వచ్చాక అబద్ధం కానిది అయింది. సత్యం, "సత్" అంటే ఉన్నది. ఈ మూడింటికంటే నాకు ఎక్కువ నచ్చింది వీటి శత్రువు పేరు. అబద్ధం. బద్ధం అంటే కట్టుబడినది. అబద్ధం అంటే కట్టు లేనిది, ముడి ఊడినది. సత్యసంధుడని ఎవరిని అంటాం? సరైన సమాచారం ఇచ్చేవాణ్ని కాదు, ఆడిన మాటకు కట్టుబడినవాణ్ని. చిన్నప్పుడు విన్న ఆవు పులి కథలో ఆవు పులికి చెప్పిన సమాచారం ఏముంది? దూడకు పాలిచ్చి తిరిగి వస్తానంది, వచ్చింది. ఆ రావడాన్నే మన పెద్దలు సత్యం అన్నారు. హరిశ్చంద్రుడి సంగతి కూడా అంతే. కాటిసీను చూసి కళ్లు తుడుచుకున్న మన తాతలకు సత్యం అంటే నిలబడేది అని ఎవరూ నేర్పనక్కర్లేదు.

పాత నిబంధన హెబ్రీలో సత్యానికి వాడే మాట "ఎమెత్". దాని వేరు "అమన్". గట్టిగా ఉండటం, మోయడం, ఆసరా ఇవ్వడం అని ఆ వేరుకు అర్థాలు. బిడ్డను చంకనెత్తుకుని పెంచే దాదిని ఆ వేరులోంచే పిలుస్తారు. మనం ప్రార్థన చివర అలవాటుగా పలికే "ఆమేన్" అదే కుటుంబం. "అలాగే జరుగునుగాక" అని చెప్పుకుంటాం గానీ, లోపల ఉన్నది "ఇది గట్టిది, దీని మీద బరువు వేస్తున్నాను" అన్న భావం. ప్రభువు కొన్ని మాటలకు ముందు "మీతో నిశ్చయముగా చెప్పుచున్నాను" అంటారు కదా, గ్రీకులో అక్కడ ఉన్నది "ఆమేన్". యోహాను సువార్తలో రెండుసార్లు, ఆమేన్ ఆమేన్ అని. లోకమంతా మాట అయిపోయాక ఆమేన్ అంటుంది. ఆయన మాట మొదలుపెట్టకముందే అనేవారు. కోర్టులో ఎవరూ అలా అనలేరు. సాక్షి చెప్పింది గట్టిదో కాదో తేల్చేది వేరొకరు.

ఈ కుటుంబంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన చోటు నిర్గమకాండము 17. అమాలేకీయులతో యుద్ధం. మోషే కొండమీద చేతులెత్తి నిలబడ్డాడు. చేతులు బరువెక్కాయి. ఒక రాయి తెచ్చి వేస్తే దానిమీద కూర్చున్నాడు, అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క చేతులు పట్టుకున్నారు. సూర్యుడు అస్తమించేవరకు అతని చేతులు "నిలుకడగా ఉండెను" అని మన తెలుగు బైబిలు. ఆ నిలుకడకు హెబ్రీలో వాడిన మాట "ఎమునా", ఎమెత్‌కు స్వంత చెల్లెలు. మిగతాచోట్ల విశ్వాస్యత అని అనువదించే మాట ఇక్కడ ఒక ముసలాయన మోచేతుల గురించి! నేను మొదటిసారి ఇది తెలుసుకున్న రోజు భోజనం చల్లారిపోయేవరకు అక్కడే కూర్చుండిపోయాను. ఇద్దరు పట్టుకుంటే తప్ప నిలవని చేతులకు లేఖనం ఆ మాట వాడింది.

ఇంకో చోటు చూపించి ముందుకు వెళతాను. నిర్గమకాండము 34లో దేవుడు మోషే ఎదుట తన పేరు తానే ప్రకటించుకుంటాడు: "విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా." హెబ్రీలో "హెసెద్, ఎమెత్" అనే జంట. వెయ్యి సంవత్సరాలకు పైగా గడిచాక యోహాను తన సువార్త మొదట్లో "ఆ వాక్యము శరీరధారియై, కృపాసత్యసంపూర్ణుడుగా మనమధ్య నివసించెను" అని రాశాడు. అదే జంట, గ్రీకు బట్టల్లో. ఇక్కడ మన తెలుగు అనువాదకులకు లేచి నమస్కారం పెట్టాలి. ఇంగ్లీషు బైబిళ్లు చాలావాటిలో నిర్గమకాండంలో ఒక మాట, యోహానులో ఇంకో మాట ఉండి ఆ చుట్టరికం కనబడదు. తెలుగులో రెండుచోట్లా "కృపాసత్య" అనే సమాసమే. చెవి ఉన్నవాడికి గంట మోగుతుంది. తెలుగు బైబిలుకు ఈ ఊరితో ఉన్న సంబంధం కూడా చిన్నది కాదు. జర్మనీ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1726లో తరంగంబాడి నుంచి ఇక్కడికి వచ్చాడు, తెలుగు నేర్చుకుని లేఖనాలను తెలుగు చేశాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. దుబాసీల బాధలు దుబాసీలకే తెలుసు.

సరే, ఇప్పుడు చిక్కు కొంత వీడింది. "నేనే సత్యమును" అన్న మాటలో ప్రభువు, తన మీద బరువు వేయవచ్చు, తాను పక్కకు జరిగేవాడు కాదు అంటున్నారు. ఆవు తిరిగి వచ్చినట్టు ఆయన మాటకు తిరిగి వస్తారు. దీన్ని నేను నమ్ముతాను.

అయితే ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, దాన్ని చెప్పకుండా కూర్చుంటే నా వృత్తికి ద్రోహం. "సత్యం ఒక వ్యక్తి కాబట్టి వాస్తవాలతో మనకు పనిలేదు, నమ్మకం ఉంటే చాలు" అనే మాట ఈ మధ్య చాలా విన్నాను. వినడానికి భక్తిగా ఉంటుంది. లేఖనం అలా అనదు. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న తొమ్మిదో ఆజ్ఞ ముందు కోర్టు ఆజ్ఞ, ఆ తరువాతే ఇంటి ఆజ్ఞ. ద్వితీయోపదేశకాండము 19లో ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా నేరం స్థిరపరచకూడదని ఉంది. అబద్ధసాక్షి ఎదుటివాడికి ఏ శిక్ష పడాలని కోరాడో అది వాడికే వేయమని కూడా అక్కడే ఉంది. ఆ శాసనం ఇవాళ అమలులో ఉంటే నేను చూసిన కొన్ని వరండాలు ఖాళీ అయ్యేవి. లూకా తన సువార్తను మొదలుపెట్టడమే, కన్నులార చూసినవారి దగ్గర విచారించి వరుసగా రాస్తున్నానని. పౌలు ఇంకా మొండివాడు. క్రీస్తు లేపబడి ఉండకపోతే మేము చేసే ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం అని కొరింథీయులకు రాశాడు. పైగా చూసినవారిలో ఐదు వందల మందికి పైబడిన సహోదరులున్నారు, ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అన్నాడు. అంటే వెళ్లి అడగండి అనే. తన విశ్వాసాన్ని మొత్తం ఒక జరిగిన సంగతి మీద పందెం కాశాడు.

"మరి నాలుగు సువార్తలు ఒకదానికొకటి తేడాగా ఉన్నాయే?" అని కాలేజీ పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న, వాళ్లను కసరకండి. చిన్న ఉదాహరణ. సిలువ మీద రోమా గవర్నరు పిలాతు పెట్టించిన పలక మీద ఏమి రాసి ఉంది? మార్కు ప్రకారం "యూదుల రాజు". లూకా ప్రకారం "ఇతడు యూదుల రాజు". మత్తయి "ఇతడు యూదుల రాజైన యేసు" అంటాడు. యోహాను "యూదులరాజైన నజరేయుడగు యేసు" అంటాడు. నాలుగు మాటలున్న పలక! అందరి కళ్ల ఎదుట వేలాడిన పలక! దాని పాఠమే నాలుగు రకాలు.

నాకిది కొత్తగా అనిపించలేదు. ఒక దొంగతనం కేసులో ఇద్దరు సాక్షులకు నేను దుబాసీని. మొదటివాడు "రాత్రి ఏడు ఇరవైకి, నీలం చొక్కా మనిషి, ఎడమ చేత్తో సంచి లాక్కుని, పాలబూతు వైపు" అన్నాడు. రెండోవాడు వచ్చాడు. "రాత్రి ఏడు ఇరవైకి, నీలం చొక్కా మనిషి, ఎడమ చేత్తో..." నేను తమిళంలోకి మార్చనక్కర్లేకుండా పోయింది, పొద్దున చెప్పిన వాక్యమే నా నాలుక మీద సిద్ధంగా ఉంది. జడ్జిగారు కలం కింద పెట్టి కళ్లజోడు తీశారు. మాట ఒక్కటీ అనలేదు. ఆ కళ్లజోడు తీయడం చూసి ప్లీడరుగారి ముఖం వాడిపోయింది. నిజంగా చూసినవాళ్లు ఒకరు చొక్కా చెబుతారు, ఒకరు చెప్పు తెగిన సంగతి చెబుతారు, ఒకరికి కుక్క మొరగడమే గుర్తుంటుంది.

రెండో శతాబ్దంలో, సుమారు 170లో, సిరియా దేశస్థుడు తాతియాన్ ఈ తేడాల బెడద లేకుండా నాలుగు సువార్తలనూ కలిపి ఒకే కథగా కుట్టేశాడు. సిరియా సంఘాలు దాన్ని ఎన్నో తరాలు వాడుకున్నాయి కూడా. చదవడానికి ఎంత హాయి! అయినా సంఘం చివరికి దాన్ని వద్దనుకుంది. ఐదో శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్పు తన పరిధిలోని సంఘాల్లో ఆ పుస్తకం ప్రతులు రెండు వందలకు పైగా పోగుచేయించి, వాటి బదులు నాలుగు సువార్తలు పెట్టించాడు. నున్నగా ఉన్నదాన్ని తీసేసి గరుకుగా ఉన్నదాన్ని ఉంచారు. సంఘ చరిత్రలో నాకు గౌరవం కలిగించే నిర్ణయాల్లో అదొకటి. వాళ్ల కారణాలు వేరేవి కావచ్చు. నాకు మాత్రం ఆ జడ్జిగారి కళ్లజోడే గుర్తొస్తుంది.

పలక అన్నాను కాబట్టి పిలాతు దగ్గర కాసేపు ఆగుదాం. ప్రభువు "సత్యమునుగూర్చి సాక్ష్యమిచ్చుటకు నేను పుట్టితిని" అంటే పిలాతు "సత్యమనగా ఏమిటి?" అన్నాడు. అని, వెంటనే బయటికి వెళ్లిపోయాడు. ఎదురుగా నిలబడ్డవాణ్ని ప్రశ్న అడిగి బయటికి నడిచిన న్యాయాధికారిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంగ్లండులో మాంచెస్టరు నగరంలో ఒక చిన్న పాపిరస్ ముక్క ఉంది. సుమారు తొమ్మిది సెంటీమీటర్ల పొడవు, ఆరు వెడల్పు, మన రైలు పాసు కంటే కొంచెం పెద్దది. 1920లో ఈజిప్టులో కొన్నారు, 1935లో చదివి ప్రకటించారు. కొత్త నిబంధనలో మనకు దొరికిన అతి పాత ముక్కల్లో అదొకటి. రెండో శతాబ్దానిదని ఎక్కువమంది అంచనా. దాని మీద ఉన్నదేమిటో తెలుసా? యోహాను 18. ఒక వైపు 31 నుంచి 33, రెండో వైపు 37, 38 వచనాల చిరుగు మాటలు. అంటే ఈ సంభాషణే! ఇన్ని అధ్యాయాల్లో, ఇన్ని ప్రతుల్లో, ఇసుక దాచిపెట్టిన ఆ కాస్త ముక్క ఇదే కావడం మీద నేను ఏ సిద్ధాంతమూ కట్టను. ఆశ్చర్యపడతాను, అంతే.

పిలాతు కథ అక్కడితో అయిపోలేదు. ఆ పలకను అతడు హెబ్రీలో, లాటిన్‌లో, గ్రీకులో రాయించాడని యోహాను చెబుతాడు. మూడు భాషలు! ఏ దుబాసీ చేశాడో పాపం. ప్రధాన యాజకులు వచ్చి "యూదుల రాజు అని వద్దు, తాను రాజునని అతడు చెప్పుకున్నట్టు రాయండి" అని కోరారు. కోర్టు భాషలో అది చాలా తెలివైన సవరణ. పిలాతు ఒప్పుకోలేదు. "నేను వ్రాసినదేమో వ్రాసితిని" అన్నాడు. సత్యమంటే ఏమిటని అడిగినవాడు, తనకు తెలియకుండానే దాన్ని మూడు భాషల్లో కొట్టించి, ఒక్క అక్షరం మార్చనని మొండికేశాడు.

ఇక అబద్ధం ఎప్పుడైనా ఆడవచ్చా అన్న ప్రశ్న. ముందు వరుసలో అమ్మగారు ఇందాకే చీటీ పంపారు, అందుకని చెబుతున్నాను. ఐగుప్తులో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు, హెబ్రీ మగబిడ్డలను చంపమని రాజు ఫరో ఆజ్ఞాపిస్తే, చంపకుండా వదిలేసి అతనితో అబద్ధమాడారు. దేవుడు వాళ్లకు మేలు చేశాడని రాసి ఉంది. యెరికో పట్టణంలో రాహాబు ఇశ్రాయేలు వేగులవాళ్లను దాచి, వెతకవచ్చినవాళ్లతో వెళ్లిపోయారని చెప్పింది. నాలుగు, ఐదు శతాబ్దాల నాటి బిషప్పు అగస్టీను దీనిమీద రెండు గ్రంథాలే రాసి, ప్రాణం కాపాడటానికైనా అబద్ధం తగదని, మంత్రసానులకు దీవెన వచ్చింది వారి దయకు గాని అబద్ధానికి కాదని తేల్చాడు. హిట్లరు కాలంలో 1945లో ఉరితీయబడ్డ జర్మనీ పాస్టరు బోన్‌హోఫర్ వేరే దారి పట్టాడు. ఆయన చెప్పిన ఉదాహరణ ఇది. తరగతిలో అందరి ముందు మాస్టారు ఒక పిల్లవాణ్ని "మీ నాన్న తాగి ఇంటికి వస్తాడటగా?" అని అడుగుతాడు. వస్తాడు. పిల్లవాడు లేదంటాడు. ఆ ప్రశ్న అడిగే హక్కు మాస్టారుకు లేదని, ఇంటి మర్యాద కాపాడుకున్న ఆ పిల్లవాడి మాటలో, గుట్టు బయటపెట్టిన మాటలో కంటే ఎక్కువ సత్యం ఉందని ఆయన వాదన. నా మనసు ఆ పిల్లవాడి వైపే. కానీ ఆ వాదన పిల్లల చేతిలో ఉన్నంత పవిత్రంగా పెద్దల చేతిలో ఉండదు. నా అనుభవంలో ప్రతి అబద్ధసాక్షీ తనను షిఫ్రా అనే అనుకుంటాడు.

ఇప్పుడు మన దగ్గరకు వస్తాను. నాకు పది నిమిషాలే ఉన్నాయని పాస్టరుగారు వేళ్లు చూపిస్తున్నారు.

మన కూడికల్లో సాక్ష్యాలు చెబుతాం. మంచి అలవాటు. కానీ సాక్ష్యం మూడోసారి చెప్పేసరికి బలుస్తుంది. మొదటి ఆదివారం "జ్వరం తగ్గినట్టే ఉంది", రెండో ఆదివారం "తగ్గింది", పండుగ నాటికి "డాక్టర్లు చేతులెత్తేశారు, ఒక్క రాత్రిలో". ఎవరూ అబద్ధమాడాలని అనుకోరు. వినేవాళ్ల ముఖాలు వెలగాలని కోరుకుంటాం. నేను ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. ఎందుకో చెబుతాను. ఇది ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. రోడ్డు ప్రమాదం కేసు. సాక్షి నెల్లూరు వైపు నుంచి వచ్చిన కూలి, తాపీ పనివాడు. ప్రశ్న: లారీ ఎర్రదీపం దాటి రావడం నువ్వు చూశావా? అతను తల గోక్కున్నాడు. "చూసినట్టే ఉందయ్యా" అన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు అయిదు నిమిషాలు తక్కువ. ఫ్యాను తిరగడం లేదు. జడ్జిగారు నావైపు తిరిగి "చూశాడా లేదా?" అన్నారు. నేను "పార్త్తేన్ ఎన్‌గిఱాన్" అన్నాను. చూశానంటున్నాడు అని. టైపు మిషను టకటకలాడింది. భోజనానికి లేచారు.

తమిళంలో ఆ మాట లేదా? ఉంది. "పార్త మాదిరి ఇరుక్కు." అచ్చం మన మాటే, అల్లిక కూడా అదే. భాష మీద నెపం వేయడానికి నాకు దారి లేదు. సందేహాన్ని చెరిపేసి అవునని పెట్టాను, అందరికీ ఆకలిగా ఉందని. ఆ రాత్రి పక్క మీద పడుకున్నాక తెలిసింది ఏమి చేశానో. ఇంకా సాక్షులున్నారు, కేసు ఇతని మాట మీద నిలబడలేదు అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది వాస్తవమే. అయినా మర్నాడు వెళ్లి "అయ్యా, నిన్న నేను తప్పు చెప్పాను" అని సరిదిద్దించుకోవచ్చు. వెళ్లలేదు. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను" అని ప్రభువు చెప్పిన మాటను నేను అప్పటివరకు తడబడకుండా జవాబివ్వాలి అనే అర్థంలోనే వాడుకున్నాను. ఏమో అన్నది ఏమోగానే ఉండాలన్నది కూడా అందులోనే ఉందని ఆ రాత్రి తెలిసింది.

ఆ తరువాతే మార్కు 8వ అధ్యాయంలోని ఒక మనిషి నాకు స్నేహితుడయ్యాడు. బేత్సయిదాలో ఒక గుడ్డివాడు. ఈ సంగతి మార్కు ఒక్కడే రాశాడు. ప్రభువు అతన్ని చెయ్యి పట్టుకుని ఊరి బయటికి తీసుకువెళ్లి, కళ్ల మీద ఉమ్మివేసి, చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని అడిగారు. ఆ మనిషి స్థానంలో మనముంటే? స్వస్థపరిచేవాడు ఎదురుగా ఉన్నాడు, తీసుకువచ్చినవాళ్లు ఆశగా చూస్తున్నారు. "కనబడుతోంది ప్రభువా, స్తోత్రం!" అంటాం. నేనైతే అంటాను. అతడు అనలేదు. మనుషులు కనబడుతున్నారు, కానీ చెట్లలాగా ఉన్నారు, నడుస్తున్నారు, అన్నాడు. అంటే ఏమిటి? చూసినట్టే ఉంది అన్నాడు! దేవుని కుమారుడి ముఖాన నిలబడి, సగమే కనబడుతోందని చెప్పాడు. ప్రభువు నొచ్చుకోలేదు, నీకు విశ్వాసం లేదని గద్దించలేదు. మళ్లీ అతని కళ్ల మీద చేతులుంచారు. అప్పుడు అన్నీ తేటగా కనిపించాయి.

తోమా కూడా అంతే. ప్రభువు తిరిగి లేచారని తోటి శిష్యులు చెబితే, మేకుల గురుతులో వేలు పెడితే గాని నమ్మనన్నాడు. ఎనిమిది రోజులకు ప్రభువు వచ్చి, ఇదిగో పెట్టు అన్నారు. తోమా పెట్టాడా? చిత్రకారులు చాలామంది పెట్టినట్టే వేశారు. యోహాను మాత్రం ఆ సంగతి రాయలేదు. "నా ప్రభువా, నా దేవా" అన్నాడని మాత్రమే రాశాడు. అక్కడ రాయనిదాన్ని నేను ఇక్కడ కలపను.

ఒక్క నిమిషం, అయిపోయింది. పరంగిమలై గురించి మొదట్లో అన్నాను కదా. క్రీ.శ. 72లో తోమా ఆ కొండమీద ఈటె పోటుకు హతసాక్షి అయ్యాడని సంప్రదాయం. పోర్చుగీసువాళ్లు 1523లో అక్కడ గుడి కట్టారు. 1547లో తవ్వకంలో దొరికిన రాతి సిలువ, దానిమీద పహ్లవీ లిపి, మీరందరూ చూసే ఉంటారు. అది చూస్తే పూర్వం పారశీక దేశపు క్రైస్తవులతో ఈ తీరానికి సంబంధం ఉండేదని తెలుస్తుంది. తోమా రక్తం అక్కడే పడిందని మాత్రం ఆ రాయి చెప్పదు, తరతరాల జ్ఞాపకం చెబుతుంది. రెండూ విలువైనవే, రెండూ ఒకటి కావు.

వచ్చే నెల నెల్లూరు నుంచి మా బావమరిది కుటుంబం వస్తోంది. ప్రతిసారీ ఆ కొండ ఎక్కాలంటాడు. పైకి వెళ్లాక పిల్లలను చుట్టూ నిలబెట్టి "ఒరేయ్, తోమాను పొడిచింది సరిగ్గా ఇక్కడే" అని వేలితో చూపిస్తాడు. "అని పెద్దలు చెబుతారు" అని నేను వెనకనుంచి చేరుస్తాను. పోయినసారి మెట్లు దిగుతూ రొప్పుతూ ఆగి, నా వైపు తిరిగి అడిగాడు: "బావా, నువ్వు రిటైరై ఎన్నేళ్లయింది?"